పెద్దవాళ్లకు మతి తప్పితే ‘అసర్’ అనుకోకండి, సోడియం చూపించండి



ఒక వేసవిలో ఒకాయన డెబ్బై దాటిన తన తల్లిని ఆటోలో మా దవాఖానాకు తీసుకొచ్చారు. “హకీం సాబ్, రెండు రోజులుగా అమ్మీకి మతి లేదు. చనిపోయిన అబ్బాను పిలుస్తోంది. ఎప్పుడూ మగతగానే ఉంటోంది. ఏదో అసర్ అయినట్టుంది, తావీజు కట్టించాం” అన్నారు.

నబ్జ్ చూశాను. మనిషి నీరసించిందని తెలిసింది గానీ కారణం తెలియలేదు. మందుల సంచి విప్పమన్నాను. బీపీకి ఇచ్చిన, మూత్రం ఎక్కువ చేసే గోళీ అందులో ఉంది. బీపీ భయంతో ఆమె కూరలో ఉప్పు దాదాపు మానేశారు. ఎండ తాళలేక చెంబుల కొద్దీ నీళ్లు తాగుతున్నారు. నేను మందు ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి పంపాను. రక్తపరీక్షలో సోడియం 114 వచ్చింది. వారం తిరగకముందే ఆమె మళ్లీ మనవళ్లను పేర్లు పెట్టి పిలిచారు, అల్హందులిల్లాహ్.

సోడియం మన రక్తంలో 135 నుంచి 145 మధ్య ఉండాలి. అది తగ్గితే రక్తంలోని నీరు కణాలలోకి చేరి అవి ఉబ్బుతాయి. మిగతా ఒంటికి ఉబ్బడానికి చోటుంటుంది, పుర్రెలో ఉన్న మెదడుకు ఉండదు. అందుకే మొదట వికారం, తలనొప్పి, నీరసం, నడకలో తూలడం కనిపిస్తాయి. తర్వాత పొంతన లేని మాటలు, మగత వస్తాయి. 125 కంటే తగ్గితే, ముఖ్యంగా వేగంగా తగ్గితే, మూర్ఛ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

వాంతులు, విరేచనాలు, మూత్రం ఎక్కువ చేసే గోళీలు, మూర్ఛకూ దిగులుకూ ఇచ్చే కొన్ని మందులు, గుండె, కిడ్నీ, కాలేయ జబ్బులు దీనికి కారణాలు. బక్కపలచని వృద్ధ స్త్రీలకు ప్రమాదం మరీ ఎక్కువ.

“ఉప్పే కదా తగ్గింది, ఉప్పునీళ్లు తాగిస్తే సరి” అని కొందరంటారు. ఇది పెద్ద పొరపాటు. గుండె, కిడ్నీ జబ్బుల్లో ఒంట్లో నీరు ఎక్కువై సోడియం పలుచబడుతుంది. అక్కడ ఉప్పు పెంచితే వాపు, ఆయాసం పెరుగుతాయి, నీళ్లు తగ్గించవలసి వస్తుంది. పైగా చాలా తగ్గిన సోడియాన్ని ఒక్కసారిగా పెంచినా మెదడు దెబ్బతింటుంది. గంటగంటకూ లెక్క చూస్తూ పెంచడం ఆసుపత్రి పని. మగతలో ఉన్నవారి నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మా వైద్యులకూ ఒక మాట చెప్పాలి. షర్బతె బజూరీ, గోఖ్రూ వంటివి మూత్రం జారీ చేసే మందులు. రోగి ఇంతకుముందే అలాంటి బీపీ గోళీ వాడుతున్నాడా అని అడగకుండా వీటిని ఇవ్వకూడదు. వేళ్లు నాడి చెబుతాయి గానీ సోడియం అంకె చెప్పలేవు. ఈ మాట ఒప్పుకుంటే తిబ్బె యునానీకి చిన్నతనమేమీ లేదు.

మన సిరోంచ నుంచి గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. నది దాటి మంచిర్యాల వైపు పోయినా గంటలు పడుతుంది. ఇంత దూరాన ఉన్న మనం తావీజుకు ఒక రోజు, హకీంకు ఒక రోజు పోగొట్టుకుంటే దారిలోనే మనిషి పోతాడు. దుఆ చేయండి, కానీ బండిలో కూర్చుని చేయండి. ఉన్నట్టుండి మతి తప్పడం పక్షవాతం వల్లా, షుగర్ పడిపోవడం వల్లా కూడా కావచ్చు. ఏదైనా ఆలస్యం పనికిరాదు. 108కి ఫోన్ చేయండి, మందుల సంచి వెంట తీసుకెళ్లండి, షుగర్‌తో పాటు సోడియం కూడా చూడమని అడగండి.

బీపీ గోళీ కొత్తగా మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో ఒకసారి సోడియం పరీక్ష చేయించండి. ఏళ్ల తరబడి అదే చీటీ మీద గోళీలు తెచ్చుకునేవారు కూడా అప్పుడప్పుడు చేయించాలి. డాక్టరును అడగకుండా గోళీ మానకండి, ఉప్పు పూర్తిగా మానకండి. వాంతులు, విరేచనాలు అయితే మొదటి నుంచే ఓఆర్‌ఎస్ ఇవ్వండి. లీటరు ప్యాకెట్టును లీటరు నీటిలోనే కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కాదు. తునికాకు రోజుల ఎండలో మన పెద్దలు ఉప్పు వేసిన గంజి, మజ్జిగ తాగేవారు. గుండె, కిడ్నీ జబ్బు లేనివారికి అది నేటికీ మంచిదే. రంజాన్‌లో సహరీ చివరి నిమిషంలో చెంబెడు నీళ్లు ఒక్కసారి తాగే అలవాటు వృద్ధులు మానాలి. రోగికి ఉపవాసం విషయంలో అల్లాహ్ సడలింపు ఇచ్చాడు, దాన్ని వాడుకోవడం తప్పు కాదు.

తల్లిదండ్రుల సేవ అంటే కాళ్లు పట్టడం ఒక్కటే కాదు. నిన్నటిదాకా బాగా మాట్లాడిన అమ్మీ ఇవాళ తికమకగా మాట్లాడితే “వయసు మీద పడింది” అని వదిలేయకుండా ఆ రోజే రక్తం చూపించడం కూడా సేవే. అల్లాహ్ మన పెద్దలను చల్లగా ఉంచుగాక, ఆమీన్.