మాటకూ ఓ కాలేజీ!

1974లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో ఓ కుర్రాడు హైస్కూలు ముగించాడు. మార్కులు అంతంతమాత్రం. పెద్ద కాలేజీ ఫీజులు కట్టే స్తోమతా లేదు. అడిగినవారికల్లా సీటిచ్చే, అప్పట్లో ఫీజే లేని షాబో కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. అక్కడి పబ్లిక్ స్పీకింగ్ క్లాసు తనలోని బెరుకు పోగొట్టిందని 2015లో న్యూయార్క్ టైమ్స్‌లో రాసుకున్నాడు. ఆయనే టామ్ హాంక్స్!

‘మావాడు మీడియా కోర్సు చదువుతానంటున్నాడు... అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ మంచిదేనా?’ అనుకునే తల్లిదండ్రులు ముందు ఆ కాలేజీల సంగతి తెలుసుకోవాలి.

1901లో ఇల్లినాయిస్‌లోని జోలియట్‌లో ఆరుగురు విద్యార్థులతో మొదలైన పద్ధతి ఇది. రెండేళ్లు చదివితే అసోసియేట్ డిగ్రీ. తర్వాత యూనివర్సిటీకి మారి మరో రెండేళ్లు చదివితే బ్యాచిలర్స్ డిగ్రీ. కమ్యూనికేషన్ అంటే జర్నలిజమే అనుకుంటారు చాలామంది. కాదు! ఉపన్యాసం, వాదన, నలుగురితో కలిసి పనిచేయడం, వేర్వేరు సంస్కృతులవారితో మెలగడం... ఇవి దాని పాఠాలు. వార్తలు రాయడం జర్నలిజంలోకి, కెమెరా, ఎడిటింగ్ ఫిల్మ్-టీవీ కోర్సులోకి వస్తాయి. మీవాడికి ఏది కావాలో ముందే తేల్చుకోవాలి.

చేత్తో చేసి నేర్చుకోవడం ఈ కాలేజీల బలం. శాంటా మోనికా కాలేజీకి సొంత రేడియో స్టేషనే ఉంది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ప్రసార విద్య నేర్పేందుకు 1945లో పెట్టిన ‘కేసీఆర్‌డబ్ల్యూ’ ఇప్పుడు లాస్‌ఏంజెలిస్ ప్రాంతమంతా వినే స్టేషన్.

ఇక అసలు లెక్క... డబ్బు! కాలిఫోర్నియాలో స్థానికులకు యూనిట్‌కు 46 డాలర్లయితే, మన దగ్గర్నుంచి వెళ్లేవారికి దానికి ఎన్నో రెట్లు. అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు చవగ్గా వచ్చే చదువు, పొలం తాకట్టుపెట్టి వెళ్లేవారికి చవక కాదు. ఎఫ్-1 వీసాపై వెళితే తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పనిచేయాలి. మొదటి ఏడాది బయట ఉద్యోగం కుదరదు. రెండేళ్ల డిగ్రీకి స్టెమ్ పొడిగింపు వర్తించదు. ‘ఎలాగోలా సంపాదించి అప్పు తీరుస్తాడులే’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

మరో మెలిక... చదివిన ప్రతి యూనిట్‌నూ యూనివర్సిటీ లెక్కలోకి తీసుకోదు. కాలిఫోర్నియాలో 2010 నాటి చట్టంతో వచ్చిన ట్రాన్స్‌ఫర్ డిగ్రీలో 60 యూనిట్లు పూర్తిచేసినవారికి స్టేట్ యూనివర్సిటీలో చోటుంటుంది. కోరుకున్న క్యాంపస్సే దొరుకుతుందన్న హామీ మాత్రం లేదు. కాబట్టి ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో చేరకముందే కౌన్సెలర్‌ను అడగాలి. గుర్తింపు ఉందో లేదో చూడాలి.

అన్నిటికన్నా ముందు ఓ చిన్న పరీక్ష. మీ అబ్బాయినో అమ్మాయినో ఇంట్లోవాళ్ల ముందు నిలబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడమనండి. విషయం వాళ్లిష్టం. తడబడినా ఫర్వాలేదు. ‘ఇంకోసారి చెబుతా’ అంటే మాత్రం... ఆ ఆసక్తిని నమ్మొచ్చు!