మండువా అలంకారం కాదు

ముక్తేశ్వరం రేవు నుంచి అయినవిల్లి వైపు వెళ్ళండి. కూల్చిన మండువా లోగిలి చోట డాబా కనబడుతుంది. ముందు వసారాకు మాత్రం నాలుగు పాత స్తంభాలు, సిమెంటు మీద అంటించిన పెంకులు! దీనికి 'సంప్రదాయం' అని పేరు. శవానికి చేసిన అలంకారమిది.

మండువా ఇంట్లో ఏ భాగమూ ఒంటరిది కాదు. ఎత్తైన అరుగు వరదనీటిని గడపకు దూరంగా ఉంచుతుంది. వాలు పెంకులు వాననీటిని మండువాలోకి జారవిడిస్తే, తూము దాన్ని బయటికి పంపుతుంది. అదే ఖాళీలోంచి వేడిగాలి పైకి పోతుంది. చూరు గోడను కాస్తుంది. ఒకటి తీస్తే మిగిలినవాటి పని చెడుతుంది.

"1996 నవంబరు తుఫానుకు పెంకులు ఎగిరిపోలేదా?" అంటారు. నిజమే. ఆ రాత్రి ఎందరో తలదాచుకున్నది శ్లాబుల కిందనే. శ్లాబు వద్దనను. కానీ అదీ ఒక వ్యవస్థే కదా! చూరు లేని గోడ నానుతుంది. ఉప్పుగాలికీ చెమ్మకూ లోపలి ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటును చీలుస్తుంది. గోదావరి 1986లోనూ, 2022లోనూ పొంగింది. అయినా పునాది ఎత్తు గురించి అడగని యజమాని టైల్సు రంగు గురించి పదిసార్లు అడుగుతాడు.

శ్లాబే వేయండి. చూరు దించండి, గాలికి దారి వదలండి, పునాది ఎత్తండి. స్తంభాలు లేకపోయినా ఫరవాలేదు.