దుకాణదారుని పొరపాటు: కొనువాని బాధ్యత

దుకాణదారుడు తన పొరపాటువలన తనకు కలిగిన నష్టమును కొనుగోలుదారునినుండి రాబట్టవచ్చునా? ఈ ప్రశ్న చిన్నదిగా దోచును గాని, నెల జీతముతో గుట్టుగా కాలము గడుపుకొను కుటుంబములకు చిన్నది గాదు. మా విద్యార్థులలో ననేకుల యిండ్లలో సైకిలుగాని, కుట్టుమిషనుగాని, సెల్‌ఫోనుగాని రూపాయి రూపాయి కూడబెట్టియే కొందురు. వస్తువు ఇల్లు చేరిన పదిదినములకు “ధర తక్కువ వేసితిమి, మిగిలిన వేయి రూపాయలు కట్టుడు” అని దుకాణమునుండి కబురు వచ్చినచో, ఋణమున్నదో లేదో విచారింపకయే, నలుగురిలో తలవంపులగునను భయముచేత అప్పుచేసియైనను కట్టుదురు. ఈ భయము పోవలెనని మా కోరిక.

పొరపాటులన్నియు ఒక్క జాతివి గావు. బాలుడు లెక్కను తప్పుగా చేయుట వేఱు, ఉపాధ్యాయుడు లెక్కనే తప్పుగా నిచ్చుట వేఱు. బిల్లులో అయిదు వస్తువుల ధరలు సరిగా వ్రాయబడి, కూడికలో నూఱు రూపాయలు తగ్గినయెడల ఆ నూఱు రూపాయలు మనమియ్యవలసినవే. మనమొప్పుకొన్న ధరలు బిల్లుమీదనే యున్నవి గదా! చిల్లర యెక్కువ వచ్చినను, ఒక చీరకు బదులు రెండు చీరలు పొట్లములో పడినను ఇంతే. పొరపాటున ముట్టిన ధనమునుగాని వస్తువునుగాని తిరిగి యియ్యవలెనని 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టములోని 72వ సెక్షను శాసించుచున్నది. మనవద్ద పొరపాటున నెక్కువ గైకొన్న వర్తకునికిని ఈ సెక్షనే వర్తించును; ఆ సంగతి మాత్రము అంగళ్లలో నంతగా వినబడదు.

ఇక 5,800 రూపాయల కమ్మదలచిన సైకిలునకు వర్తకుడే 4,800 రూపాయలని చీటి తగిలించి, తానే బిల్లు వ్రాసి, సొమ్ము పుచ్చుకొని, బండి నప్పగించెననుకొందము. అమ్మువాడడిగిన వెల కొనువాడిచ్చెను, బేరము ముగిసినది. ఒక పక్షమువారు మాత్రమే వాస్తవవిషయమున పొరపడినంత మాత్రమున ఒప్పందము రద్దుచేయదగినది కాదని అదే చట్టములోని 22వ సెక్షను చెప్పుచున్నది. కావున ఆ వేయి రూపాయలు ఋణము గాదని మా అభిప్రాయము. “పెట్టెమీది గరిష్ఠ చిల్లర ధర చూడుడు” అని కొందఱు వర్తకులు వాదింతురు. గరిష్ఠమనగా అంతకు మించి తీసికొనరాదని యర్థము. అంతయు తీసికొనియే తీరవలెనని యే చట్టమును చెప్పలేదు.

కొనువాడు తప్పును ముందే గ్రహించి మౌనము వహించినచో న్యాయము మాఱును. లండనులో 1939లో తీర్పు చెప్పబడిన హార్టాగ్, కోలిన్ అండ్ షీల్డ్స్ వారి వ్యాజ్యము ఇందుకు ప్రసిద్ధమైనది. అమ్మువారు కుందేటిచర్మములకు విడిగా ఒక్కొక్కదానికి వెల చెప్పబోయి, పౌను బరువునకు అదే వెల వ్రాసిరి. పౌనుకు సుమారు మూడు చర్మములు తూగును గనుక వెల మూడవవంతునకు దిగిపోయెను. ఆ వర్తకపు వాడుక నెఱిగిన కొనుగోలుదారులు ఆ తప్పును గ్రహించియే యుందురని న్యాయస్థానము నిశ్చయించెను. సరకు రాలేదని దావా తెచ్చిన వారోడిపోయిరి. ఇరువదివేల ఫోనునకు రెండువందల బిల్లు వచ్చినచో బడికిపోవు బాలుడును తప్పును కనిపెట్టును. కాని పండుగ తగ్గింపుల ప్రకటనలు గోడగోడకు వ్రేలాడు ఈ దినములలో, సైకిలు వెల వేయి రూపాయలు తగ్గియున్న నది పొరపాటని యెవరు గ్రహింపగలరు?

“మీరు కట్టనిచో గుమాస్తా జీతములో కోయుదుము” అను మాటయు వినబడుచుండును. ఆ గుమాస్తాయు మనవంటి వాడే. అతని కష్టము చూచి మన మనస్సు కరగుట సహజమే. ఇష్టమైనచో అతని చేతికేదైన నియ్యవచ్చును. ఆ జాలిని బాకీగా వసూలుచేయుటకు యజమానికి మాత్రము హక్కు లేదు.

పోలీసులకు చెప్పెదమను బెదిరింపునకు లొంగనక్కఱలేదు. మోసము నేరమగుటకు కొనువాడు వర్తకుని వంచించి యుండవలెను. వర్తకుడు స్వయముగా వ్రాసిన వెల చెల్లించుట వంచన యెట్లగును? “మీ ఖాతాలో పొరపాటున సొమ్ము వేసితిమి, వెంటనే తిరిగి పంపుడు” అని ఫోనులో తొందరపెట్టువారిలో దొంగలును కలరు. ముందు బ్యాంకు ఖాతా చూచుకొని, సొమ్ము నిజముగా వచ్చియుండినచో బ్యాంకు ద్వారమననే తిరిగి పంపవలెను.

బాకీ యున్నదను నెపముతో దుకాణదారుడు గ్యారంటీ మరమ్మతు నిరాకరించినచో, జిల్లా వినియోగదారుల కమీషనునకు ఫిర్యాదు చేయవచ్చును. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20 మొదలు అమలులోనికి వచ్చినది. ఫిర్యాదునకు రెండు సంవత్సరముల గడువు కలదు. వస్తువునకు చెల్లించిన వెల అయిదు లక్షలు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొననక్కఱయు లేదు. సలహాకు 1915 అను నంబరునకు ఫోను చేయవచ్చును.

వీటన్నిటికిని బిల్లే యాధారము. నేటి అంగళ్లలో నిచ్చు నున్నని బిల్లులు వేడిచే ముద్రింపబడునవి. కొన్ని మాసములకే, ఎండ తగిలినచో నింకను త్వరగా, అక్షరములు మాయును. కొన్న దినముననే ఫోటో తీసియో, నకలు తీయించియో, తారీఖు వేసి పెట్టెలో దాచుకొనవలెను. ఈ పని పిల్లల కప్పగించినచో చక్కగా చేయుదురు.