ఇంట్లో టార్ రిలే పెడితే పోలీసులు వస్తారా?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగితే కోచింగ్ సెంటర్ల బోర్డులే బోర్డులు. చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా సందుసందునా హాస్టళ్లు. ఇక్కడ నెట్‌వర్కింగ్, సైబర్ సెక్యూరిటీ నేర్చుకునే పిల్లల్లో ముస్లిం కుటుంబాల పిల్లలూ ఉన్నారు. లైనక్స్ చేతికొచ్చిన కుర్రాడి చెవిన టార్ పేరు ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. "అబ్బా, పాత కంప్యూటర్ ఖాళీగానే ఉంది కదా, రిలే పెడతా" అంటే అబ్బాకు ముందు వచ్చే అనుమానం ఒక్కటే: ఇంటికి పోలీసులు వస్తారా?

ఆ భయం నవ్వి తీసిపారేయాల్సింది కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పట్టుకెళ్లిన ముస్లిం యువకులు కోర్టుల్లో నిర్దోషులుగా తేలేసరికి చదువులు, ఉద్యోగాలు చెదిరిపోయాయి. 2013 ఫిబ్రవరి 21న జంట పేలుళ్లు చూసిన దిల్‌సుఖ్‌నగర్‌లో అనుమానం అనే మాటకు మరీ బరువెక్కువ.

ఇంతకీ టార్ ఏం చేస్తుంది? ఒక ఉత్తరాన్ని మూడు కవర్లలో పెట్టి పంపినట్టు. మొదటి రిలేకు పంపినవాళ్లు ఎవరో తెలుసు, ఎక్కడికి పోతోందో తెలియదు. చివరి రిలేకు చేరాల్సిన సైట్ తెలుసు, పంపినవాళ్లు తెలియదు. మధ్య రిలేకు రెండూ తెలియవు. ఈ పద్ధతికి పునాది వేసింది అమెరికా నౌకాదళ పరిశోధనాశాల. ఇప్పుడు నడిపిస్తున్నది ఒక లాభాపేక్ష లేని సంస్థ, ప్రపంచమంతా ఉన్న వేలాది వాలంటీర్ల కంప్యూటర్లు.

అబ్బా ప్రశ్నకు జవాబు ఏ రిలే అన్నదాన్ని బట్టి మారిపోతుంది. మూడో మెట్టును ఎగ్జిట్ అంటారు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు టార్‌లోంచి బెదిరింపు పోస్టు పెడితే ఆ సైట్‌లో నమోదయ్యేది ఎగ్జిట్ నడిపేవాళ్ల ఐపీ చిరునామానే. మాస్కోలో దిమిత్రీ బొగతోవ్ అనే గణితం మాస్టారు ఇంట్లో ఎగ్జిట్ నడిపారు. అల్లర్లకు పిలుపునిచ్చే పోస్టులు పెట్టారంటూ 2017 ఏప్రిల్‌లో అరెస్టు చేశారు. నెలల తరబడి జైలు, ఆ తర్వాత గృహనిర్బంధం. 2018లో కేసు ఎత్తేశారు. ఎగ్జిట్‌ను ఇంట్లో పెట్టొద్దని టార్ ప్రాజెక్టే చెబుతుంది.

అంతదూరం ఎందుకు, 2007లో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పుణె పోలీసులు పట్టుకెళ్లారు. ఆర్కుట్‌లో శివాజీని కించపరిచే బొమ్మ పెట్టాడని ఆరోపణ. ఆ ఐపీ చిరునామా అతనిది కానే కాదు, ఇంటర్నెట్ కంపెనీ తప్పు వివరాలిచ్చింది. అది తేలేలోగా 50 రోజులు జైల్లో గడిచాయి. టార్‌తో ఏ సంబంధమూ లేని మనిషికే ఈ గతి పట్టింది. ఐపీ చిరునామా అంటే మనిషి కాదన్న చిన్న విషయం ఠాణాలో ఎవరికైనా అర్థమయ్యేలోపు జరగాల్సింది జరిగిపోతుంది.

మధ్య రిలే సంగతి వేరు. దానిలోంచి ఏ సైట్‌కూ నేరుగా పోరు కాబట్టి ఫిర్యాదుల్లో దాని ఐపీ రాదు. అయినా ఇంట్లో పెట్టడం తెలివైన పని కాదు. రిలేల ఐపీ జాబితా అందరికీ కనిపించేదే. కొన్ని సైట్లు మధ్య రిలేకూ ఎగ్జిట్‌కూ తేడా చూడకుండా అడ్డుకుంటాయి. అమ్మీ కరెంటు బిల్లు కట్టబోతే పేజీ తెరుచుకోకపోవచ్చు. పైగా చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇస్తాయి, అలాంటి కనెక్షన్ మీద రిలే అసలు నడవదు.

చట్టం ఏమంటుంది? టార్ వాడొద్దని గానీ, రిలే పెట్టొద్దని గానీ దేశంలో చట్టమేదీ లేదు. కానీ 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు, అద్దె సర్వర్లు ఇచ్చేవాళ్లు కస్టమర్ల పేరు, చిరునామా, ఫోన్ నంబరు 5 ఏళ్లు దాచాలి. ఆ దెబ్బకు పెద్ద వీపీఎన్ కంపెనీలు కొన్ని ఇక్కడి సర్వర్లు తీసేశాయి. అద్దె సర్వర్ మీద రిలే పెట్టే కుర్రాడి పేరు కూడా ఆ రికార్డులో ఉంటుంది. దాపరికం లేకుండా సొంత పేరుతో పెట్టడమే మేలు.

పెడితే మాత్రం కాపలా కట్టుదిట్టంగా ఉండాలి. ఆ సర్వర్‌లో రిలే తప్ప ఇంకోటి నడపొద్దు. సెట్టింగుల్లో ఎగ్జిట్ కాదని స్పష్టంగా రాయాలి. పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి కీ పెట్టుకోవాలి, అప్‌డేట్లు వాటంతటవే పడేలా చూడాలి, అవసరం లేని పోర్టులు మూసేయాలి. వేగం కనీసం 10 ఎంబీపీఎస్, నెలకు కనీసం 100 జీబీ డేటా కావాలి. గాలికొదిలేసిన రిలేలో దొంగ దూరితే దాన్ని నమ్మి దారి పట్టినవాళ్లకే ముప్పు.

ఇంత తంటా ఎందుకు అనేవాళ్లు ఉంటారు. డార్క్‌నెట్‌లో డ్రగ్స్ కొంటున్నారనీ అంటారు. అబద్ధమేమీ కాదు, 2017 హైదరాబాద్ డ్రగ్స్ కేసులోనూ ఆ మాట వచ్చింది. కానీ నిఘా నీడ ఎవరి మీద ఎక్కువగా పడుతోందో పాతబస్తీని అడగాలి. 2021 మే లాక్‌డౌన్‌లో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి, మాస్కు తీయమని, ఆయన వద్దన్నా ఫొటో తీసుకున్నారు. ముఖాలు గుర్తుపట్టే టెక్నాలజీని ఏ చట్టం కింద వాడుతున్నారని ఆయన హైకోర్టుకు వెళ్తే, 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు వెళ్లాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది 2017 ఆగస్టు 24నే.

ఇంట్లోంచే ఏదో ఒకటి చేయాలనుకునే పిల్లలకు స్నోఫ్లేక్ ఉంది. బ్రౌజర్‌కు తగిలించే చిన్న ఎక్స్‌టెన్షన్ అది. ఇంటర్నెట్‌ను కట్టేసిన దేశాల్లోని మనుషులను టార్ మొదటి మెట్టు దాకా చేరుస్తుంది, ఆ పైన పని మిగతా రిలేలది. వాళ్లు చూసే సైట్‌కు ఈ ఇంటి ఐపీ కనపడదు. పబ్లిక్ ఐపీ అక్కర్లేదు, హాస్టల్ వైఫై మీదైనా నడుస్తుంది. 2022లో మహసా అమీనీ మరణం తర్వాత నిరసనలతో అట్టుడికిన ఇరాన్‌లో జనం ఎక్కువగా పట్టుకున్న దారుల్లో ఇదొకటి. బ్రౌజర్ మూసేస్తే అదీ ఆగిపోతుంది.