మందు లేని జబ్బుకు పరీక్షలెందుకంటారా?

"ఈ జబ్బుకు మందు లేదు, పరీక్షలు దండగ." ఈ మాట రోగి బంధువులంటే అర్థం చేసుకోవచ్చు. వైద్యుడే అనడం మాత్రం క్షమార్హం కాదు.

మయోటోనిక్ డిస్ట్రఫీ అనే వంశపారంపర్య వ్యాధిని గూర్చి చెబుతున్నాను. శాస్త్రరీత్యా ఇది కండరాల జబ్బు. జనవ్యవహారంలో మాత్రం నరాల జబ్బే, ఇంకా తేలికగా "నరాల బలహీనత". పట్టుకున్న చెంబును చేయి వెంటనే వదలలేకపోవడం, కనురెప్పలు వాలిపోవడం, చిన్న వయసులోనే కంటిలో శుక్లాలు రావడం దీని గుర్తులు. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

బి-కాంప్లెక్సు సూదులు రాసి పంపేవారికి నాదొక ప్రశ్న. గుండె కూడా కండరమే కదా, దాని సంగతేమిటి? ఈ వ్యాధి గుండెలో విద్యుత్తు ప్రసరించే దారులను నెమ్మదిగా చెడగొడుతుంది. చాలామందికి ఏ బాధా తెలియదు. (ఎక్కువ నడవలేని మనిషికి ఆయాసం మాత్రం ఎలా తెలుస్తుంది?) 2008లో అమెరికా వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో 406 మంది రోగులను సగటున ఐదేళ్లకు పైగా గమనించగా 81 మంది మరణించారు, వాటిలో 27 ఆకస్మిక మరణాలు. ముప్పు ఎవరికి ఎక్కువో ముందే సూచించినది ఖరీదైన యంత్రమేమీ కాదు, మామూలు ఇ.సి.జి. అందులో పి.ఆర్. వ్యవధి 240 మిల్లీసెకండ్లకు, క్యు.ఆర్.ఎస్. 120కి చేరితే అది హెచ్చరికే.

ఒకసారి తీయించి బాగుందని మరచిపోతే చాలదు, ఏటా తీయించాలి. కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా "నీరసం" అని సరిపెట్టక హోల్టర్ పరీక్ష, అవసరమైతే గుండె లోపలి విద్యుత్ ప్రసారాన్ని కొలిచే పరీక్ష చేయించాలి. నిదానించి ఆగిపోబోయే గుండెను పేస్‌మేకర్ నడిపిస్తుంది. కింది గదులలో పుట్టే ప్రాణాంతక వేగాన్ని అది ఆపలేదు. దానికి షాక్ ఇచ్చే ఐ.సి.డి. కావాలి. ఎవరికేది తగునో నిపుణులు తేల్చాలి, కాని ముందు రోగి వారిదాకా చేరాలి కదా! నరాల వైద్యుడు గుండె తన పరిధి కాదంటాడు. గుండె వైద్యుడు ఛాతీ నొప్పి లేనివాడు తనకెందుకంటాడు. చేతుల బిగువుకు వాడే మెక్సిలెటిన్ గుండె లయను మార్చే మందే. ఇ.సి.జి. చూడకుండా దానిని రాయడాన్ని ఏమనాలి?

ఇక రోగి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పిలిపించి పరీక్షించేవారు అరుదు. ఈ జబ్బు ఇంట్లో ఉన్నవారు వైద్యుడు చెప్పేదాకా ఆగవద్దు. మీరే అడిగి ఇ.సి.జి. తీయించుకోండి. పాత కాగితాలు పారేయకండి. నిరుటి గీతను ఈ ఏటి గీత పక్కన పెట్టి చూడమనండి. ఏ శస్త్రచికిత్సకు వెళ్లినా మత్తు వైద్యుడికి ఈ జబ్బు పేరు ముందే చెప్పండి.