బొమ్మ ఇంజను కొండెక్కితే...

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైల్లో కిటికీ పక్క సీటు కోసం పిల్లల మధ్య తగువు మామూలే. శివలింగపురం దాటాక సొరంగాల సందడి మొదలవుతుంది. బోగీ చీకటవగానే కేకలు, ఈలలు. టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస... ఒక్కో స్టేషను దాటేకొద్దీ లోయ కిందికి దిగిపోతుంటుంది, రైలు పైపైకి పోతుంటుంది. ఆ హడావుడిలో ఏ బుడతడో ఒక ప్రశ్న వేస్తాడు.

'ఇంత పెద్ద ఇంజను పెట్టుకుని రైలు ఇంత నెమ్మదిగా వెళ్తోందేంటి?'

'కొండ కదరా' అంటారు పెద్దలు. ఆ మాట నిజమే గానీ, దాంతో పిల్లాడి సందేహం తీరదు. తీర్చే మార్గం ఒకటుంది. ప్లాస్టిక్ ఇటుకలు, పళ్ల చక్రాలు, ఓ చిన్న మోటారు ఉన్న బొమ్మల డబ్బా! అలాంటిది ఇంట్లో ఉంటే కొండరైలు మర్మమంతా హాల్లో నేలమీదే తేలిపోతుంది.

వడ్రంగి కొట్టులోంచి...

ఈ ఇటుకల పుట్టిల్లు డెన్మార్క్‌లోని బిలుండ్ అనే చిన్న ఊరు. అక్కడ ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో కర్రబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. మన ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొమ్మలు చేసినట్టే ఆయనా కర్రనే నమ్ముకున్నాడు. 1934లో తన బొమ్మలకు లెగో అని పేరు పెట్టాడు. 'చక్కగా ఆడుకో' అనే అర్థమున్న రెండు డేనిష్ మాటల్ని కుదించి కలిపితే వచ్చిన పేరది. 1949లో ప్లాస్టిక్ ఇటుకలొచ్చాయి. పైన బొడిపెలు, లోపల గొట్టాలు ఉండి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే ఇప్పటి ఇటుకకు 1958 జనవరి 28న పేటెంట్ కోసం దరఖాస్తు చేశారు. అప్పటి ఇటుకను తెచ్చి ఇవాళ కొన్నదానికి తగిలించినా చక్కగా అతుక్కుంటుంది. కొలతల్లో అంత కచ్చితం! పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇప్పుడు అవే కొలతలతో వేరే కంపెనీలూ తయారుచేస్తున్నాయి.

ఇళ్లు, కోటలు కట్టుకునే ఈ ఇటుకలకు 1966లో కదలిక వచ్చింది. నాలుగున్నర వోల్టుల మోటారుతో నడిచే బొమ్మరైలును కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. తమాషా ఏమిటంటే, కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం తెరుచుకున్నదీ ఆ రోజుల్లోనే, 1966-67లో. బైలదిల్లా గనుల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు తూర్పు కనుమల్ని తొలిచి వేసిన దారి అది.

1977లో పళ్ల చక్రాలు, ఇరుసులు, రంధ్రాలున్న పట్టీలతో కొత్తరకం సెట్లు వచ్చాయి. తర్వాత వీటికే టెక్నిక్ అన్న పేరు స్థిరపడింది. బొమ్మ కారు తలుపు తీస్తే లోపల నిజంగానే గేర్లుండటం వీటి ప్రత్యేకత.

అరవైకి ఒకటి!

ఇప్పుడు కొండ సంగతి. శృంగవరపుకోట నుంచి ఎక్కే ఈ ఘాట్‌లో వాలు 60కి 1. అంటే 60 మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు ఎత్తు పెరుగుతుంది. ఇది ఎంత వాలో ఇంట్లోనే చూడొచ్చు. అయిదడుగుల చెక్క తీసుకుని ఒక కొస కింద అంగుళం మందం పుస్తకం పెట్టండి. అయిదడుగులంటే అరవై అంగుళాలు. ఎత్తు అంగుళం. అరకు రైలెక్కే వాలు సరిగ్గా అంతే!

'ఓస్, ఇంతేనా' అనిపిస్తుంది. సైకిలు తొక్కేవాడు ఈమాత్రం వాలును లెక్కచెయ్యడు. కానీ రైలుకు ఇది పెద్ద పరీక్షే. ఇనుప పట్టాల మీద ఇనుప చక్రం చాలా తేలిగ్గా దొర్లుతుంది. సమతలంలో టన్ను బరువును కదిలిస్తూ పోవడానికి రెండు మూడు కిలోల లాగుడు బలం సరిపోతుంది. అదే 60కి 1 వాలు మీదైతే, కొండ వెనక్కి గుంజే బలమే టన్నుకు 16 కిలోల పైచిలుకు! వెయ్యి టన్నుల రైలుకైతే 16 టన్నులు దాటిపోతుంది. ఈ దారిలో గూడ్సు బళ్లకు రెండు మూడు ఇంజన్లు కనిపించేది అందుకే.

వాలు ఇంకా పెంచకూడదు కాబట్టి దారి పొడవు పెంచాలి. శృంగవరపుకోట దాటాక అత్యంత ఎత్తున, సుమారు వెయ్యి మీటర్ల దగ్గర, ఉన్న శిమిలిగూడ స్టేషనుకు చేరాలంటే దాదాపు 900 మీటర్లు ఎక్కాలి. 900ని 60తో హెచ్చవేస్తే 54 కిలోమీటర్లు. అంటే కాకి ఎగిరినట్టు ఎంత దగ్గరైనా సరే, అన్ని కిలోమీటర్ల పట్టాలు పరవాల్సిందే. అందుకే రైలు కొండల నడుం చుట్టూ వంకర్లు తిరుగుతుంది. వంకర తిరగలేని చోట సొరంగం, లోయ అడ్డొచ్చిన చోట వంతెన.

బలమా... వేగమా?

పుస్తకం మీద ఆనించిన ఆ చెక్క మీదికి ఇప్పుడు బొమ్మబండిని ఎక్కించాలి. మోటారును సరాసరి చక్రాల ఇరుసుకు బిగిస్తే నున్నటి నేలమీద బండి ఝుమ్మని పోతుంది. వెనక నాలుగు పెట్టెలు తగిలించి, వాటిలో గులకరాళ్లు నింపి చెక్క మీద పెడితే మాత్రం చప్పుడు మారుతుంది. మూలిగి ఆగిపోతుంది. అలా ఆగిన మోటారుకు కరెంటు ఇస్తూ ఉంచకూడదు. తిరగడానికి ఖర్చు కావలసినదంతా వేడిగా మారి మోటారు కాలిపోయే ప్రమాదముంది. వెంటనే స్విచ్ కట్టెయ్యాలి.

పెద్ద మోటారు కొనాలా? అక్కర్లేదు. మోటారుకు 8 పళ్ల చక్రం, ఇరుసుకు 24 పళ్ల చక్రం పెడితే చాలు. మోటారు మూడు చుట్లు తిరిగితే ఇరుసు ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం మూడో వంతుకు పడిపోతుంది, తిప్పే బలం దాదాపు మూడింతలవుతుంది. రాపిడికి పోయేది కొంత పోతుందనుకోండి. ఇంకా బరువు వేయాలంటే 24 తీసేసి 40 పళ్ల చక్రం బిగించాలి. బలం అయిదింతలు. రెండు జతల్నీ ఒకదాని తర్వాత ఒకటి అమరిస్తే మూడైదులు పదిహేనింతలు! బండి నత్తలా నడుస్తుంది గానీ ఆగదు.

బుడతడి ప్రశ్నకు జవాబు అక్కడుంది. మోటారు ఇచ్చే శక్తికి ఓ హద్దుంది. దాన్ని వేగంగా ఖర్చు పెట్టొచ్చు, లేదా బలంగా ఖర్చు పెట్టొచ్చు. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. వెయ్యి టన్నులను కొండెక్కించే ఇంజను నెమ్మదిగా పోతోందంటే బలహీనంగా ఉందని కాదు. తన శక్తినంతా బలం కిందే వాడుతోందని.

ఇదే లెక్క తిరగేస్తే వేగం వస్తుంది. ఇంట్లో కుట్టుమిషను చూడండి. కింద పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే పైన చిన్న చక్రం గిర్రున పలుమార్లు తిరుగుతుంది. చోళ్లు విసిరే తిరగలిలో పిడిని మధ్యలో కాకుండా అంచున దిగ్గొట్టడం వెనకా బలం లెక్కే ఉంది. అరకు రైతులు కాఫీ పండ్ల తోలు తీయడానికి చేత్తో తిప్పే పల్పింగ్ యంత్రాల్లో ఉన్నదీ అదే. సూత్రం తెలియకపోయినా కొండల్లో పిల్లల చేతులకు ఇది కొత్త కాదు.

దిగడం ఇంకా కష్టం

ఎక్కడం ఒక ఎత్తయితే దిగడం మరో ఎత్తు. శిమిలిగూడ నుంచి కిందికి ఖనిజం నింపుకుని వచ్చే బండికి ఇంజను లాగాల్సిన పనే లేదు, ఆపాల్సిందే పని. బొమ్మబండిని చెక్క పైకొసన పెట్టి స్విచ్ ఆపి చూస్తే గేర్లు వెనక్కి తిరుగుతూ అది కిందికి జారొచ్చు. ఇలా జారకుండా మరమేకులా మెలికలున్న వర్మ్ గేరు పెట్టొచ్చు. ఒక చుట్టు తిరిగితే అది పక్క చక్రాన్ని ఒక్క పన్నే జరుపుతుంది. 24 పళ్ల చక్రంతో కలిస్తే 24 చుట్లకు ఒక చుట్టు. మోటారు చక్రాన్ని తిప్పగలదు గానీ చక్రం మోటారును తిప్పలేదు. బొమ్మ క్రేన్లలో కొక్కేనికి తగిలించిన బరువు జారకుండా నిలిచేది దీనివల్లే.

రైలుకు ఆ కిటుకు పనికిరాదు. అక్కడ మోటారే బ్రేకవుతుంది! ఇది చూడాలంటే బ్యాటరీ పూర్తిగా తీసేసి మామూలు డీసీ మోటారు ఇరుసును చేత్తో తిప్పాలి. తర్వాత దాని రెండు తీగల కొసలూ ఒకదానికొకటి ముడివేసి మళ్లీ తిప్పాలి. ఈసారి ఎవరో లోపలినుంచి పట్టుకున్నట్టు బరువుగా ఉంటుంది. కారణం... తిప్పుతున్నంతసేపూ మోటారు జనరేటరుగా మారి కరెంటు పుట్టిస్తోంది. ఆ కరెంటే తిరుగుడుకు అడ్డుపడుతోంది. పళ్ల చక్రాలతో వేగం పెంచి తిప్పితే అదే మోటారుతో చిన్న ఎల్‌ఈడీ దీపాన్నీ వెలిగించొచ్చు. వెలగకపోతే రెండోవైపుకు తిప్పాలి.

విద్యుత్ ఇంజన్లు ఘాట్లు దిగేటప్పుడు ఇలాగే తమ మోటార్లను జనరేటర్లుగా మార్చుకుని వేగాన్ని అదుపు చేసుకుంటాయి. కొత్త తరం ఇంజన్లయితే అలా పుట్టిన కరెంటును తిరిగి పైతీగలోకి పంపేస్తాయి. 1955 నుంచి కరెంటిస్తున్న మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రంలో ఉన్నదీ ఇదే సూత్రం. అక్కడ ఇరుసును తిప్పేది కొండ మీంచి దూకే నీళ్లు. అంతే తేడా.

కొన్న బొమ్మ, కట్టిన బొమ్మ

దుకాణంలో కొన్న రిమోట్ కారుకు రెండు బటన్లుంటాయి. ఆదివారం కొంటే మరుసటి ఆదివారానికి మంచం కిందికి చేరుతుంది. పాడైతే ఎందుకు పాడైందో ఎవరికీ తెలీదు. కట్టుకున్న బండి అలా కాదు. ఆగిన ప్రతిసారీ ఓ కారణం చెబుతుంది. నాలుగు పట్టీలతో చేసిన చట్రం ఊగిపోతుంటే మూలకు అడ్డంగా ఇంకో పట్టీ వేస్తే బిగుస్తుందని తెలుస్తుంది. రంధ్రాల మధ్య 3, 4, 5 గళ్ల దూరం వదిలి మూడు పట్టీలు కలిపితే కచ్చితమైన లంబకోణం వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లాడు బట్టీ పట్టే పైథాగరస్ సిద్ధాంతాన్ని ఆరేడేళ్లవాడు చేత్తో పట్టుకుంటాడు. చక్రాలు జారుతుంటే ఇంజను మీద బరువు పెట్టాలనీ తెలుస్తుంది. వానకు పట్టాలు తడిసినప్పుడు నిజం ఇంజన్లు చక్రాల కింద ఇసుక రాలుస్తాయి, అదీ ఇందుకే.

పిల్లల చదువు గురించి జీవితమంతా ఆలోచించిన గణిత శాస్త్రవేత్త సేమూర్ పేపర్ట్ 1980లో 'మైండ్‌స్టార్మ్స్' అనే పుస్తకం రాశాడు. చిన్నతనంలో గేర్లతో ఆడుకోవడం వల్లే తనకు లెక్కల మీద ఇష్టం పుట్టిందని అందులో చెప్పుకున్నాడు. 1998లో లెగో తెచ్చిన రోబో కిట్లకు ఆ పుస్తకం పేరే పెట్టారు. వాటిని 2022తో ఆపేసినా అలాంటి కిట్లు ఇంకా చాలా ఉన్నాయి.

చిక్కల్లా ధరే. మోటారున్న పెద్ద సెట్టు వేలల్లో ఉంటుంది. మన్యంలో రోజుకూలీ మీద బతికే ఇంటికి అది ఊహకందని మాట. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చి టింకరింగ్ ల్యాబ్ పెట్టిస్తున్నది ఈ లోటు కొంతైనా తీర్చడానికే. కానీ ఆ ల్యాబ్‌లో కిట్లు అద్దాల బీరువాలో తాళమేసి, అధికారులొచ్చినప్పుడే బయటికి తీస్తే ప్రయోజనం లేదు. ముక్క పోతుందని భయపడితే పాఠమే పోతుంది.

కిట్టు లేనంత మాత్రాన పని ఆగదు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా 1970ల చివర్లో మధ్యప్రదేశ్ పల్లె బడుల్లో సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలతో పిల్లల చేత త్రికోణాలు, గోపురాలు కట్టించాడు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పాడైన బొమ్మలోంచి తీసిన మోటారు, సీసా మూతల చక్రాలు, రబ్బరు బ్యాండు బెల్టు... వీటితోనూ బండి కొండెక్కుతుంది. చిన్న మూత నుంచి పెద్ద మూతకు బెల్టు వేస్తే బలం పెరుగుతుంది. లెక్క మారదు.

ఇక పెద్దలు చేయాల్సింది ఒక్కటే. బండి సగం చెక్క ఎక్కి ఆగిపోయినప్పుడు 'ఇటివ్వు, నేను చేస్తా' అనకూడదు. ముందు స్విచ్ కట్టించి, ఓ పది నిమిషాలు ఊరుకోవాలి. చిన్న చక్రం తీసి పెద్దది పెట్టాలని పిల్లలు ఆ పది నిమిషాల్లోనే కనిపెడతారు.