కట్టెల భట్టీ పొగ కణంలో ఏం చేస్తుంది?

ముంబైలో కట్టెలు, బొగ్గుతో నడిచే బేకరీలు, తందూర్‌లు ఆరు నెలల్లో గ్యాస్‌కో, మరో శుభ్రమైన ఇంధనానికో మారాలని 2025 జనవరిలో బాంబే హైకోర్టు ఆదేశించింది. పావ్ రుచి పోతుందని కొందరు, మార్పిడి ఖర్చు ఎవరు భరిస్తారని యజమానులు అడిగారు. రెండో ప్రశ్న న్యాయమైనదే. కానీ భట్టీ ముందు నిలబడే కారీగర్ ఒంట్లో ఏం జరుగుతోందని అడిగినవాళ్లు తక్కువ. మన హైదరాబాద్‌లోనూ కట్టెల పొయ్యిలకు కొదవ లేదు కాబట్టి ఆ సంగతి తెలుసుకోవడం మంచిది.

కట్టె, బొగ్గు, కొవ్వు, పొగాకు, డీజిల్ ఏదైనా సరే, పూర్తిగా కాలకపోతే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు పుడతాయి. వీటిలో ఎక్కువ పరిశోధన జరిగింది బెంజోపైరీన్ మీద. మసికి, క్యాన్సర్‌కు సంబంధం ఉందని లండన్ సర్జన్ పర్సివల్ పాట్ 1775లోనే రాశారు. ఆయన చూసింది చిన్నప్పటి నుంచి చిమ్నీలు ఊడ్చినవాళ్లను. 1915లో జపాన్‌లో యమగీవా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ తెప్పించి చూపారు. తారులోని బెంజోపైరీన్‌ను 1933లో లండన్‌లో వేరు చేశారు.

విచిత్రమేమిటంటే, బెంజోపైరీన్ ఉన్నది ఉన్నట్టుగా పెద్దగా హాని చేయదు. అది నూనె స్వభావం ఉన్న పదార్థం, నీటిలో కరగదు. బయటికి పంపాలంటే కరిగేలా మార్చాలి కదా, అందుకే మన ఎంజైములు దానికి ఆక్సిజన్ తగిలిస్తాయి. ఆ దారిలో డయోల్ ఎపాక్సైడ్ అనే చురుకైన రూపం తయారవుతుంది. అంటే శుభ్రం చేయబోయి శరీరమే విషం తయారు చేసుకుంటుందన్నమాట. అది డీఎన్‌ఏలోని గ్వానిన్ అనే అక్షరానికి గట్టిగా అతుక్కుంటుంది. కణానికి మరమ్మతు వ్యవస్థ ఉంది, చాలావాటిని కత్తిరించి పారేస్తుంది. మరమ్మతు జరగకముందే కణం విభజన చెందితే మాత్రం కాపీలో తప్పు పడుతుంది. ‘జి’ ఉండాల్సిన చోట ‘టి’ వచ్చి కూర్చుంటుంది. ఆ తప్పు ఇక శాశ్వతం.

ఏ జన్యువులో పడిందన్నదే అసలు విషయం. కణాల పెరుగుదలకు కళ్లెం వేసే పి53 జన్యువులో పడితే ప్రమాదం. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఆ జన్యువు తరచుగా దెబ్బతినే 157, 248, 273 స్థానాల్లోనే ఈ పదార్థం ఎక్కువగా అతుక్కుంటుందని 1996లో అమెరికా శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో చూపారు. ఒక్క తప్పుతో కణం క్యాన్సర్‌గా మారిపోదు, ఏళ్ల తరబడి ఇలాంటివి పోగుపడాలి. అందుకే పండక్కి తిన్న సీక్ కబాబ్ కంటే రోజూ కాల్చే సిగరెట్, రోజూ పీల్చే భట్టీ పొగ ఎక్కువ భయపెట్టాలి. కబాబ్ విషయంలో కొవ్వు నిప్పుల మీద కారకుండా చూసుకుని, మాడిన ముక్క తీసేస్తే చాలావరకు తగ్గుతుంది.

హలీం సంగతి వేరు. మూతి తప్ప దేగ్ మొత్తం మట్టి భట్టీలో ఉంటుంది, మంట కింద. తినేవారికి చేరే పొగ తక్కువే. గంటల తరబడి పక్కన నిలబడి హలీం కొట్టేవారికి మాత్రం ఆ తేడా లేదు. మన దేశ ప్రమాణాల ప్రకారం గాలిలో బెంజోపైరీన్ ఏడాది సగటు ఘనపు మీటరుకు 1 నానోగ్రామ్ దాటకూడదు. అది బయటి గాలికి పెట్టిన లెక్క. భట్టీ గదిలో కొలవాల్సిన అవసరం అంతకంటే ఎక్కువ. చిన్న బేకరీకి గ్యాస్ ఓవెన్ కోసం సులభ రుణం ఇవ్వకుండా గడువు మాత్రమే పెడితే, మూతపడేది షాపు, వీధిన పడేది అదే కారీగర్. ఓవెన్ మారేలోగా పొగగొట్టం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించడం యజమాని చేతిలో పనే.